ప్రతి రిలీజ్‌కీ సగం జీయూఐ టెస్టులు ఎర్రబడుతుంటే టూల్ మార్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సుమారు తొమ్మిది వందల జీయూఐ టెస్టులు, అంటే మనిషిలాగే స్క్రీన్ మీద క్లిక్ చేసి, టైప్ చేసి చూసే ఆటోమేటిక్ టెస్టులు, పాత టీమ్ నుంచి మీ చేతికి వచ్చాయి. ఎక్కువ భాగం వెబ్ స్క్రీన్లకి, బ్రౌజర్‌ని నడిపే సెలీనియం అనే టూల్‌తో జావాలో రాసినవి. మిగతావి ఒక పాత విండోస్ డెస్క్‌టాప్ క్లయింట్‌కి (యూజర్ మెషీన్‌లో ఉండే ప్రోగ్రామ్), విన్‌యాప్‌డ్రైవర్ అనే మైక్రోసాఫ్ట్ టూల్‌తో. చూసుకునేది ఇద్దరే. ప్రతి రిలీజ్‌కీ దాదాపు సగం పడిపోతున్నాయి, వాటిని బాగుచేసేలోపే ఇంకో రిలీజ్ వచ్చేస్తోంది. మేనేజర్ ప్లేరైట్ అనే ఇంకో వెబ్ టెస్టింగ్ టూల్‌కి మారిపోదాం అంటున్నారు. ఈలోగా ఒక వెండర్ వచ్చి, తన టూల్‌లో విరిగిన టెస్టులు వాటంతటవే బాగుపడతాయని డెమో ఇచ్చి వెళ్ళాడు. మారాలా, వద్దా, మారితే డెస్క్‌టాప్‌కి ఏది?

నా సమాధానం: వెబ్ వైపు ఇప్పుడు టూల్ మార్చకండి. డెస్క్‌టాప్ వైపు మార్చక తప్పదు, కానీ అది మొదటి పని కాదు. టెస్టుల నిర్వహణ ఖర్చు టూల్ వల్ల పెరిగేది కొంచెమే. స్క్రీన్ ఎలా ఉంటుందన్న సమాచారం మీ కోడ్‌లో ఎన్ని చోట్ల చెదిరి ఉంది, ఆ టెస్టులు ఏ మెషీన్ మీద నడుస్తున్నాయి, ఎర్రబడితే ఎవరు చూస్తున్నారు, ఈ మూడింటి వల్లే ఎక్కువ పెరుగుతుంది. ఇవి సరిచేయకుండా ప్లేరైట్‌కి వెళ్తే, అద్దిల్లు మారినప్పుడు అట్టపెట్టెల్లో బొద్దింకలు కూడా కొత్తింటికి వచ్చినట్టు, పాత రోగాలన్నీ మీతోనే వస్తాయి.

చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను, క్యూటీపీ అనే పాత టెస్టింగ్ టూల్ రోజుల నుంచీ. కింద రాసేదంతా చేతిమీదుగా చూసిందే, కాబట్టి కొన్నిచోట్ల పుస్తకాల్లో చెప్పేదానికి తేడాగా ఉండొచ్చు.

ముందు ఫెయిల్యూర్లని పోగులు పెట్టండి

కోడ్ ముట్టుకోకండి. గత రెండు మూడు రన్‌లలో పడిపోయిన ప్రతి టెస్టునీ ఎక్సెల్‌లో రాసి, పక్కన కారణం రాయండి. నాలుగు రకాలు చాలు: నిజమైన బగ్, స్క్రీన్ మారింది, టైమింగ్, మెషీన్ లేదా డేటా సమస్య. విసుగు పుట్టించే పనే, ఇద్దరూ కూర్చుంటే కొన్ని రోజులు పడుతుంది. కానీ ఇది చేయని టీమ్‌లో ఎవరిని అడిగినా "డెవలపర్లు స్క్రీన్ మార్చేస్తున్నారండీ" అనే అంటారు. లెక్క తీసి చూస్తే నేను పనిచేసిన చాలా టీమ్‌లలో చివరి రెండు రకాలే పెద్ద పోగు. స్క్రీన్ మారి విరిగినవి అనుకున్నదాంట్లో సగం కూడా ఉండవు.

టైమింగ్ వల్ల ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుల్ని ఫ్లేకీ అంటాం కదా, అవి మీ ఒక్కరి బాధ అనుకోకండి. గూగుల్ వాళ్ళు 2016లో తమ టెస్టింగ్ బ్లాగ్‌లో రాసిన లెక్క ప్రకారం, వాళ్ళ టెస్టుల్లో దాదాపు 16 శాతంలో ఎంతోకొంత ఈ గుణం ఉంది, మొత్తం రన్‌లలో సుమారు 1.5 శాతం ఫ్లేకీ ఫలితం ఇస్తున్నాయి. వినడానికి 1.5 చిన్నదే. మీ తొమ్మిది వందల టెస్టులకి అదే రేటు వేసుకుంటే రోజూ పొద్దున్నే పదమూడు పద్నాలుగు ఉత్తుత్తి ఎర్ర గుర్తులు. ఇద్దరు మనుషులకి మధ్యాహ్నం వరకూ అదే పని.

స్క్రీన్ గురించి తెలిసిన కోడ్ ఒక్కచోటే ఉండాలి

మీ రిపాజిటరీలో లాగిన్ బటన్ లొకేటర్ కోసం, అంటే ఆ బటన్ స్క్రీన్‌లో ఎక్కడుందో టెస్టుకి చెప్పే గుర్తు కోసం, వెతికి చూడండి. ఒకే చోట దొరికితే మీ పాత టీమ్‌కి దండం పెట్టండి. ముప్పై చోట్ల దొరికితే మీ సగం కష్టం అక్కడే ఉంది. ఒక్కో పేజీకి ఒక క్లాస్ రాసి దాని లొకేటర్లన్నీ అందులోనే పెట్టే పేజ్ ఆబ్జెక్ట్ అనే పద్ధతి అందరికీ తెలుసు, ఇంటర్వ్యూలో అందరూ చెప్తారు. తీరా కోడ్ తెరిస్తే పేజ్ క్లాస్ ఉంటుంది, దాని పక్కనే టెస్టులో కూడా నేరుగా ఎక్స్‌పాత్‌లు (పేజీలో ఎలిమెంట్ దాకా దారి చూపే లొకేటర్లు) ఉంటాయి, ఎందుకంటే డెడ్‌లైన్ రోజు ఎవరో అర్జెంటుగా అతికించారు. దీనికి మంచి మాటలతో పని జరగదు. టెస్ట్ ఫోల్డర్‌లో లొకేటర్ కనిపిస్తే బిల్డ్ ఫెయిల్ చేసే చిన్న చెక్ పెట్టండి, నాలుగు లైన్ల స్క్రిప్టు చాలు.

ఇక ఆ లొకేటర్ ఎలాంటిది అన్నది. బ్రౌజర్‌లో రైట్ క్లిక్ చేసి కాపీ చేసిన పొడుగాటి ఎక్స్‌పాత్, అంటే డివ్ లోపల డివ్ లోపల మూడో డివ్ అంటూ పోయేది, దాన్ని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. మధ్యలో ఎవరైనా ఒక బ్యానర్ పెడితే చాలు, మొత్తం పోతుంది. డెవలపర్లతో మాట్లాడి ముఖ్యమైన ప్రతి ఎలిమెంట్‌కీ టెస్టుల కోసమే ఒక ఐడీ యాట్రిబ్యూట్ పెట్టించుకోండి. డేటా-టెస్ట్‌ఐడీ అనే పేరు ఎక్కువగా వాడతారు, ప్లేరైట్ కూడా డిఫాల్ట్‌గా దాన్నే చూస్తుంది. "అడిగాం, పెట్టట్లేదు" అంటారేమో. అడగడం ఆపి మీరే పెట్టండి. వాళ్ళ కోడ్‌లో మీరే మార్పు చేసి పుల్ రిక్వెస్ట్ పంపండి. నాకు తెలిసి ఒక్క లైన్ మార్పుకి అడ్డుపడిన డెవలపర్ లేడు. అదే పని జీరాలో టికెట్‌గా పడితే ఆరు నెలలైనా బ్యాక్‌లాగ్‌లోనే ఉంటుంది.

డెస్క్‌టాప్‌లో ఇదే పాత్ర ఆటోమేషన్‌ఐడీది. మీ క్లయింట్ డబ్ల్యూపీఎఫ్‌లో (డెస్క్‌టాప్ స్క్రీన్లు కట్టే మైక్రోసాఫ్ట్ టెక్నాలజీ) కట్టినదైతే మీ అదృష్టం, కంట్రోల్‌కి పేరు పెడితే చాలు, వేరే ఐడీ ఇవ్వకపోతే ఆ పేరే ఆటోమేషన్‌ఐడీగా బయటికి వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఇన్‌స్పెక్ట్ లేదా యాక్సెసిబిలిటీ ఇన్‌సైట్స్ తెరిచి మీ స్క్రీన్ మీద మౌస్ పెట్టి చూడండి. అక్కడ కనిపించనిది యూఐ ఆటోమేషన్ (కంట్రోళ్ళ వివరాలు బయటికిచ్చే విండోస్ ఏర్పాటు) మీద నడిచే ఏ టూల్‌కీ కనిపించదు, అది వెండర్ టూల్ అయినా సరే. డెవలపర్లని ఒప్పించడానికి ఇంకో దారి: చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ కూడా ఈ యూఐ ఆటోమేషన్ ద్వారానే కంట్రోళ్ళ పేర్లు తెలుసుకుంటుంది. కాబట్టి యాక్సెసిబిలిటీ పని కింద బడ్జెట్ అడగొచ్చు. ఒక ప్రాజెక్టులో మాకు టెస్టింగ్ పేరు మీద రాని సమయం ఆ పేరు మీద వచ్చింది.

అసలు చిక్కు మామూలు కంట్రోళ్ళు వాడకుండా అప్లికేషన్ సొంతంగా గీసుకున్న గ్రిడ్‌లతో, అంటే పట్టికలతో. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ అప్లికేషన్‌లో ఇలాంటి గ్రిడ్ ఉండేది. ఇన్‌స్పెక్ట్‌లో చూస్తే అంతా కలిపి ఒకే ఒక్క పేన్, లోపల వరుసలూ లేవు, గడులూ లేవు. అంతకుముందున్న వాళ్ళు ఇమేజ్ మ్యాచింగ్‌తో లాక్కొచ్చారు, ఫాంట్ కాస్త మారితే చాలు పడిపోయేది. మేం చేసింది చాలా మామూలు పని: గ్రిడ్ మీద ఫోకస్ పెట్టి, కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి, క్లిప్‌బోర్డ్‌లో పడిన టెక్స్ట్‌ని ట్యాబ్‌ల దగ్గర విడగొట్టి చదవడం. యూజర్లు ఎక్సెల్‌లోకి కాపీ చేసుకుంటారని డెవలపర్లు ఆ సౌకర్యం ఎప్పుడో పెట్టారు. ఒక్క జాగ్రత్త, క్లిప్‌బోర్డ్ సెషన్‌కి ఒకటే ఉంటుంది, ఆర్డీపీలో (దూరంగా ఉన్న విండోస్ మెషీన్‌ని మీ దగ్గర నుంచి నడిపే కనెక్షన్) మీ లాప్‌టాప్‌తో పంచుకుంటుంది కూడా. రన్ నడుస్తుండగా మీరు లాప్‌టాప్‌లో ఏదైనా కాపీ చేస్తే అదే టెస్టులోకి వెళ్ళి కూర్చుంటుంది. క్లిప్‌బోర్డ్ రీడైరెక్షన్ ఆపేయండి. కీబోర్డ్ షార్ట్‌కట్‌లు, మెనూ కీలు కూడా ఇలాగే పనికొస్తాయి. పాత అప్లికేషన్లలో మౌస్ కంటే కీబోర్డే నమ్మకస్తురాలు.

వెయిట్‌లు

స్లీప్‌లు, అంటే ఇన్ని సెకన్లు ఊరికే ఆగమనే లైన్లు, తీసేయమని అందరూ చెప్పేదే, నేను మళ్ళీ చెప్పను. తక్కువమంది చూసేది ఇంకోటి ఉంది. సెలీనియంలో ఇంప్లిసిట్ వెయిట్ (ప్రతి ఎలిమెంట్ వెతుకులాటకీ వర్తించేది), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఒకచోట ఒక షరతు కోసం ఆగేది) రెండూ కలిపి వాడుతున్నారేమో వెతకండి. ఇంప్లిసిట్ 10 సెకన్లు, ఎక్స్‌ప్లిసిట్ 15 సెకన్లు పెడితే టైమౌట్ 20 సెకన్లకి రావొచ్చని సెలీనియం సొంత డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. ఇంప్లిసిట్‌ని సున్నా చేసి, పేజ్ క్లాసుల్లో మాత్రమే ఎక్స్‌ప్లిసిట్ పెట్టండి. అలా చేసిన వెంటనే కొన్ని టెస్టులు కొత్తగా పడిపోతాయి, కంగారు పడకండి, అవి ఇన్నాళ్ళూ అదృష్టం మీద నడిచినవి.

దేనికోసం ఎదురుచూస్తున్నామన్నదీ ముఖ్యమే. లోడింగ్ చక్రం మాయమయ్యేదాకా ఆగు అని రాస్తారు. ఆ చక్రం ఇంకా రాకముందే చూస్తే అది లేదు, అంటే మాయమైనట్టే, టెస్టు ముందుకి దూకేస్తుంది. మాయమవడం కోసం ఆగకండి, రావాల్సింది వచ్చేదాకా ఆగండి. టేబుల్‌లో మీ పాలసీ నంబర్ కనబడాలి, సబ్మిట్ బటన్ ఎనేబుల్ అవ్వాలి, ఇలా.

రీట్రై గురించి జనం కొట్టుకుంటారు. నా పద్ధతి: ఒక్కసారి రీట్రై ఇస్తాను, కానీ రెండోసారి పాసైనవాటిని రిపోర్టులో పచ్చగా చూపించను, పసుపు రంగులో వేరే లిస్టుగా వస్తాయి. వారానికోసారి ఆ పసుపు లిస్టు పైన ఉన్నవాటిని పట్టుకుంటాం. మూడు సార్లు రీట్రై పెట్టి అంతా పచ్చగా చూపించే టీమ్‌లు కూడా ఉన్నాయి. అక్కడ నిజంగానే అప్పుడప్పుడూ వచ్చే బగ్‌లు నేరుగా ప్రొడక్షన్‌కి వెళ్తాయి.

మెషీన్: అందరూ ఆఖర్న చూసేది, మొదట చూడాల్సింది

మీ డెస్క్‌టాప్ టెస్టుల్లో సగం ఇక్కడే పోతున్నాయని నా అనుమానం. మీరు ప్రశ్నలో "మేం చూస్తుంటే పాసవుతాయి, రాత్రి రన్‌లో ఫెయిలవుతాయి" అని రాశారు. అది దెయ్యం కాదు. మీరు ఆర్డీపీలో కనెక్టై ఉన్నంతసేపూ ఆ మెషీన్‌కి ఒక డెస్క్‌టాప్ ఉంటుంది. ఆ విండో మూసి ఇంటికెళ్ళగానే సెషన్ డిస్‌కనెక్ట్ అవుతుంది, స్క్రీన్ లాక్ అయిపోతుంది, ఇక మౌస్ క్లిక్కులూ కీ నొక్కడాలూ చేరాల్సిన చోటికి చేరవు. ఆర్డీపీ విండోని మినిమైజ్ చేసినా దాదాపు అదే కథ. దానికి మీరు కనెక్టయ్యే లాప్‌టాప్ రిజిస్ట్రీలో పెట్టుకునే సెట్టింగ్ ఒకటి ఉంది.

ఇంకో సాధారణ తప్పు, జెంకిన్స్ ఏజెంట్‌ని (ఆ మెషీన్ మీద టెస్టుల్ని నడిపించే ప్రోగ్రామ్) విండోస్ సర్వీస్‌గా ఇన్‌స్టాల్ చేయడం. విస్టా నుంచీ సర్వీసులన్నీ సెషన్ జీరోలో విడిగా నడుస్తాయి, అక్కడ యూజర్ డెస్క్‌టాప్ ఉండదు. అప్లికేషన్ తెరుచుకున్నట్టే లాగ్‌లో ఉంటుంది, స్క్రీన్‌షాట్ మాత్రం నల్లగా వస్తుంది. కాబట్టి ఏజెంట్‌ని ఆటో లాగిన్ పెట్టిన యూజర్ సెషన్‌లో మామూలు ప్రోగ్రామ్‌గా నడపాలి. ఆర్డీపీలోంచి బయటికొచ్చేటప్పుడు విండో మూసేయకుండా టీఎస్‌కాన్ కమాండ్‌తో సెషన్‌ని కన్సోల్‌కి, అంటే ఆ మెషీన్ సొంత స్క్రీన్‌కి, అప్పగించాలి. దీనివల్ల ఆ మెషీన్ అన్‌లాక్ అయి ఉండిపోతుంది, సెక్యూరిటీ టీమ్ ఒప్పుకోదు, న్యాయమే. ఆ మెషీన్లని వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, అసలు కస్టమర్ డేటా లేకుండా, ప్రత్యేక అకౌంట్‌తో నడుపుతామని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా గుట్టుగా చేస్తే ఏదో ఒక ఆడిట్‌లో బయటపడి మొత్తం ఆపేస్తారు.

రిజల్యూషన్, డీపీఐ స్కేలింగ్ (స్క్రీన్ మీదున్నవాటిని ఎంత శాతం పెద్దగా చూపించాలన్నది) రెండూ ఫిక్స్ చేయండి. లాప్‌టాప్‌లో 125 శాతం, సర్వర్‌లో 100 శాతం ఉంటే, కోఆర్డినేట్‌లతో క్లిక్ చేసే ప్రతి టెస్టూ పక్క బటన్ మీద పడుతుంది. ఆర్డీపీతో కనెక్టయినప్పుడు రిజల్యూషన్ మీ లాప్‌టాప్‌ది వస్తుంది, కన్సోల్‌కి మారగానే వేరేది వస్తుంది, ఇది గమనించక తలలు పట్టుకున్న టీమ్‌ని చూశాను. నోటిఫికేషన్లు ఆపండి. విండోస్ అప్‌డేట్‌లని మీరు చెప్పిన రోజే పడేలా పెట్టించండి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు వదులుతుంది, మనకి అది రాత్రయ్యాక, అంటే మీ నైట్లీ రన్ నడిచే వేళకి. ఆ మర్నాడు బుధవారం పొద్దున మాత్రమే అంతా ఎర్రగా ఉంటోందా అని క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి.

డేటా గురించి ఒక్క ముక్క. ప్రతి టెస్టూ తనకి కావలసిన రికార్డుని ఏపీఐ ద్వారా, అంటే స్క్రీన్ తెరవకుండా నేరుగా అప్లికేషన్‌తో మాట్లాడి, తానే తయారుచేసుకోవాలి, నిన్నటి రన్ వాడేసిన పాలసీ నంబర్ మీద ఆధారపడకూడదు. ఇంకోటి, తేదీలు. ఏప్రిల్ 1న ఆర్థిక సంవత్సరం డ్రాప్‌డౌన్ డిఫాల్ట్ మారిపోయి గుంపులుగా పడిపోయే టెస్టులు మన దేశంలో ప్రతి ఫైనాన్స్ ప్రాజెక్టులోనూ ఉంటాయి.

తెలుగు స్క్రీన్లు ఉంటే

మీ వెబ్ అప్లికేషన్ రెండు భాషల్లో ఉందని రాశారు కాబట్టి ఇది చెప్తున్నాను. అసలు మొదటి సలహా: బటన్ మీదున్న మాటని లొకేటర్‌గా వాడకండి. భాష మారగానే టెస్టు చచ్చిపోతుంది. టెక్స్ట్ పోల్చడం తప్పనిసరైనప్పుడు ఈ తమాషా చూడండి. "హైదరాబాద్" అన్న మాటలో ఐత్వం యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా 0సీ48, లేదా ఎత్వం 0సీ46 పక్కన 0సీ56. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, టెస్టు మాత్రం రెండూ వేరు అంటుంది. రిపోర్టులో "హైదరాబాద్ రావాలి, హైదరాబాద్ వచ్చింది, ఫెయిల్" అని చూసి కొత్త కుర్రాడికి పిచ్చెక్కింది. అలాగే పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా పెట్టే కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. పోల్చే ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (వేర్వేరు రాతల్ని ఒకే రూపానికి తేవడం) చేయండి, నాన్ జాయినర్ ఉండాలా వద్దా అన్నది టీమ్ అంతా ఒక నిర్ణయం తీసుకుని దానికి తగ్గట్టు తీసేయండి.

అంకెలదీ ఇదే గొడవ. స్క్రీన్ మీద 12,34,567 అని మన పద్ధతిలో వస్తుంది. జావాలోని డెసిమల్‌ఫార్మాట్ ఒకే సైజు గుంపులు తప్ప ఇలా మూడు, రెండు, రెండుగా విడగొట్టదు, దాంతో టెస్టు వైపు 1,234,567 తయారవుతుంది. కామాలు తీసేసి అంకెగా పోల్చండి. కామాలు సరిగ్గా పడుతున్నాయా అనేది చూడ్డానికి విడిగా ఒక్క టెస్టు చాలు.

టూల్‌కి కూడా ఆయుష్షు ఉంటుంది

ఇప్పుడు మీ మేనేజర్ మాట. టూల్స్ పోతాయి, అది నిజం. స్క్రీన్ లేకుండా నడిచే బ్రౌజర్ ఫాంటమ్‌జేఎస్ పని 2018లో ఆగిపోయింది. విజువల్ స్టూడియోలో ఉండే కోడెడ్ యూఐకి 2019 వెర్షనే ఆఖరిదని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. ఆంగ్యులర్ వాళ్ళ టెస్టింగ్ టూల్ ప్రొట్రాక్టర్‌కి 2023లో తెరపడింది. క్యూటీపీ మెర్క్యురీ నుంచి హెచ్‌పీకి, అక్కడి నుంచి మైక్రో ఫోకస్‌కి, ఇప్పుడు ఓపెన్‌టెక్స్ట్‌కి చేతులు మారింది, పేరూ యూఎఫ్‌టీ అయింది. మీ విన్‌యాప్‌డ్రైవర్‌కి 2020 తర్వాత చెప్పుకోదగ్గ పని జరగలేదు, అందుకే డెస్క్‌టాప్ వైపు మారక తప్పదన్నాను.

సెలీనియం పరిస్థితి అలా లేదు. 2004లో మొదలైంది, దాని వెబ్‌డ్రైవర్ ప్రోటోకాల్ 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణం అయింది, సెలీనియం మాటని బ్రౌజర్‌కి చేరవేసే డ్రైవర్లు బ్రౌజర్ కంపెనీలే ఇస్తున్నాయి. రేపో ఎల్లుండో పోయేది కాదు. కానీ అప్‌గ్రేడ్‌లు వాయిదా వేస్తే కొరుకుతుంది. పైథాన్ వాళ్ళకి ఫైండ్ ఎలిమెంట్ బై ఐడీ లాంటి పాత ఫంక్షన్లు 4.0లోనే పాతబడ్డాయని హెచ్చరించి, 2022లో 4.3తో తీసేశారు. హెచ్చరికలు చదవని టీమ్‌లన్నీ ఒకే రోజు కూలిపోయాయి. 2023లో క్రోమ్ 115 నుంచి క్రోమ్‌డ్రైవర్ దొరికే చోటు మారింది, పాత అడ్రస్ నుంచి డౌన్‌లోడ్ చేసే స్క్రిప్టులన్నీ ఆగిపోయాయి. మొబైల్ టెస్టింగ్ టూల్ ఆపియం 2 వచ్చినప్పుడు సర్వర్ అడ్రస్ చివరి భాగం మారి చాలామంది రెండ్రోజులు దిక్కులు చూశారు.

అందుకని ఇలా చేయండి. వెర్షన్లన్నీ పిన్ చేయండి, అంటే మీరు మార్చేదాకా మారకుండా కట్టేయండి, బ్రౌజర్‌తో సహా. క్రోమ్ ఫర్ టెస్టింగ్ అని గూగుల్ విడిగా ఇస్తోంది, అది తనంతట తాను అప్‌డేట్ కాదు. సెలీనియం 4.6 నుంచి డ్రైవర్‌ని వెతికిపెట్టే సెలీనియం మేనేజర్ దాంతోపాటే వస్తుంది, కాబట్టి డ్రైవర్ డౌన్‌లోడ్ చేసే సొంత కోడ్ ఉంటే పీకేయండి. నెలకోసారి ఒక బ్రాంచ్‌లో అన్నీ కొత్త వెర్షన్లకి పెంచి ముఖ్యమైన కొద్ది టెస్టులు నడపండి. నెలకోసారి చేస్తే ఒక పూట పని, రెండేళ్ళకోసారి చేస్తే అదే ఒక ప్రాజెక్టు.

సెలీనియం మీద సొంత ఫ్రేమ్‌వర్క్ పొర ఎంత మందంగా ఉందో కూడా చూడండి. ఒకచోట క్లిక్, టైప్, డ్రాప్‌డౌన్ సహా ప్రతిదానికీ సొంత ఫంక్షన్, ఆపైన ఎక్సెల్‌లో కీవర్డ్‌లు, దాన్ని రాసినాయన ఉద్యోగం మారిపోయాడు, సోర్స్ లేదు, జార్ ఫైల్ మాత్రమే ఉంది. సెలీనియం 3 నుంచి కదల్లేక అక్కడే ఆగిపోయారు. వెయిట్, లాగ్, స్క్రీన్‌షాట్, ఈ మూడింటికి పల్చటి పొర చాలు.

ప్లేరైట్ మంచిదే, నాకూ ఇష్టమే. క్లిక్ చేసేముందు ఎలిమెంట్ కనబడుతోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా అని తానే చూసుకుంటుంది. రన్‌లో జరిగినదంతా అడుగడుగునా తిప్పి చూపించే ట్రేస్ వ్యూయర్ ఒక్కదాని వల్లే ఫెయిల్యూర్ కారణం వెతికే సమయం బాగా తగ్గుతుంది. కొత్త మాడ్యూల్‌కి కొత్త టెస్టులు దానిలో రాయండి, పాతవాటిని తిరగరాయకండి. ఆ పాత స్క్రీన్లు ఎలాగూ ఏదో ఒకరోజు మారతాయి, అప్పుడు వాటితోపాటే టెస్టులు కూడా మారతాయి. తొమ్మిది వందలూ ఒకేసారి మార్చే ప్రాజెక్టు మొదలుపెడితే మధ్యలో బడ్జెట్ ఆగి, రెండు సూట్‌లూ సగం సగం బతికి, ఇద్దరు మనుషులు రెండింటినీ మోయాల్సి వస్తుంది.

తానే బాగుచేసుకునే టూల్ మాట

మీ వెండర్ చూపించినలాంటి టూల్స్ చేసేది ఏమిటంటే, మీరిచ్చిన లొకేటర్ దొరక్కపోతే దానికి దగ్గరగా ఉన్న ఇంకో ఎలిమెంట్‌ని ఎంచుకుంటాయి. డెమోలో అద్భుతంగా ఉంటుంది. ఒక బ్యాంకు పోర్టల్‌లో "సేవ్" బటన్‌ని కొత్త డిజైన్‌లో తీసేశారు, పక్కన "సేవ్ అండ్ సబ్మిట్" ఉంది. టూల్ దాన్ని ఎంచుకుని నొక్కేసింది, టెస్టు పచ్చగానే ఉంది. డ్రాఫ్ట్ దాచుకునే వీలే పోయిందన్న సంగతి యూజర్లు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. ఎలిమెంట్ మాయమవడం కూడా ఒక ఫలితమే, దాన్ని టూల్ మింగేయకూడదు. కొంటే గనక, రన్ సమయంలో తానుగా మార్చే ఆప్షన్ ఆపేసి, "ఇది మారినట్టుంది, ఇలా మార్చమంటారా" అని సూచన మాత్రం ఇచ్చేలా పెట్టుకోండి. ఏఐతో పేజ్ క్లాసులు రాయించుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు, రివ్యూలో మనిషి చూస్తాడు కాబట్టి.

తీసేయండి

అన్నిటికంటే లాభం ఇచ్చేది ఇదే, అన్నిటికంటే కష్టం కూడా ఇదే. తొమ్మిది వందల జీయూఐ టెస్టుల్ని ఇద్దరు మోయలేరు. ఫోన్ నంబర్‌లో తొమ్మిది అంకెలు వేస్తే ఎర్రర్, పదకొండు వేస్తే ఎర్రర్, అక్షరాలు వేస్తే ఎర్రర్ లాంటివి ఒక్కోటీ బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయి, నాలుగు పేజీలు దాటి చేస్తున్నాయా? అవి యూనిట్ టెస్టులకో ఏపీఐ టెస్టులకో వెళ్ళాలి. ఏడాదిలో ఒక్క నిజమైన బగ్ కూడా పట్టుకోని, పైగా తరచూ విరిగే టెస్టులు ఏవో మీరు చేసిన ఎక్సెల్‌లోనే కనిపిస్తాయి, వాటితో మొదలుపెట్టండి. నా అంచనా, మీకు జీయూఐలో నూట యాభై, రెండు వందలు ఉంటే సరిపోతుంది. డబ్బు కదిలే దారులు, లాగిన్, అనుమతులు, ప్రింట్ వచ్చే స్క్రీన్లు.

తీసేయడానికి ఎవరూ ఎందుకు ఒప్పుకోరో మనకి తెలుసు. సర్వీస్ కంపెనీల్లో క్లయింట్‌కి వెళ్ళే నెలవారీ రిపోర్టులో "ఆటోమేట్ చేసిన స్క్రిప్టుల సంఖ్య" అని ఒక గడి ఉంటుంది. అది తగ్గితే టెన్షన్, అందరి అప్రైజల్ దాంట్లోనే ఉంటుంది. మీ మేనేజర్‌తో ఆ గడి గురించే మాట్లాడండి. దాని పక్కన ఇంకో రెండు గడులు పెట్టించండి: ఈ నెల పట్టుకున్న నిజమైన బగ్‌లు, ఉత్తుత్తి ఫెయిల్యూర్ల మీద పోయిన గంటలు. రెండు మూడు నెలలు ఆ గంటల అంకె చూశాక క్లయింటే "ఇవి ఎందుకు ఉంచారు" అని అడుగుతాడు. టూల్ మార్చాలన్న ఉత్సాహం కూడా ఆ అంకె చూశాక చల్లబడుతుంది, లేదా ఎక్కడ మార్చాలో తేలుతుంది.

వెంటనే తీసేయలేనివాటిని పక్కన క్వారంటైన్ ఫోల్డర్‌లో పెట్టి, పేరు, తేదీ రాయండి. నెల దాటినా ఎవరూ బాగుచేయకపోతే అది దానంతటదే డిలీట్ అవ్వాలి. తేదీ లేని క్వారంటైన్ చెత్తకుండీ అయిపోతుంది.

చివరగా డెస్క్‌టాప్‌కి ఏ టూల్ అన్నది

మీ టీమ్‌కి సీషార్ప్ వస్తే ఫ్లాయూఐ, పైథాన్ వస్తే పైవిన్‌ఆటో. రెండూ ఉచితమే, రెండూ మైక్రోసాఫ్ట్ యూఐ ఆటోమేషన్ మీదే పనిచేస్తాయి. పైవిన్‌ఆటోకి పాత విన్32 కంట్రోళ్ళ కోసం వేరే బ్యాకెండ్ కూడా ఉంది, మీ క్లయింట్ బాగా పాతదైతే అది పనికొస్తుంది. జావా తప్ప ఇంకేమీ రాదంటే, ఒక చిన్న సీషార్ప్ ప్రాజెక్టు నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం, జావా నుంచి ఆ దూరం పెద్దదేమీ కాదు. డబ్బు పెట్టే టూల్ అయితే, వెండర్ తెచ్చిన నమూనా అప్లికేషన్ మీద డెమో చూడకండి. మీ దగ్గరున్న అన్నిటికంటే వికారమైన స్క్రీన్, పైన చెప్పినలాంటి గ్రిడ్ ఉంటే అదే, వాళ్ళకిచ్చి దానిమీద ఒక టెస్టు మీ ముందే రాయమనండి, ఆ తర్వాత ఆర్డీపీ డిస్‌కనెక్ట్ చేసి మళ్ళీ నడపమనండి. ఎంపిక చాలావరకు అక్కడే అయిపోతుంది.

మీ డెస్క్‌టాప్ క్లయింట్ దేనిలో కట్టారో రాయలేదు. డబ్ల్యూపీఎఫ్, విన్‌ఫామ్స్, డెల్ఫీ, జావా స్వింగ్, వీటిలో ఏదో చెప్పండి. స్వింగ్ అయితే పైన చెప్పిన రెండు టూల్సూ మీకు పెద్దగా పనికిరావు, దానికి జావా యాక్సెస్ బ్రిడ్జ్ దారిలో వెళ్ళాలి, అది వేరే సమాధానం అవుతుంది.